మా పాపది ఏ రాష్ట్రం?

నేను రెండుసార్లు రాష్ట్రం మారాను. మొదటిసారి మారినప్పుడు కాలు కూడా కదపలేదు.

మాది వేలేరుపాడు మండలంలో గోదావరి ఒడ్డున ఒక కోయ గూడెం. 1986లో పెద్ద వరద వచ్చి, భద్రాచలం దగ్గర నీళ్లు 75.6 అడుగులకు చేరిన ఏడాది పుట్టాను. మా అమ్మకు నా పుట్టిన తేదీ తెలియదు, వరద మాత్రం బాగా గుర్తు. అప్పుడు మాది ఖమ్మం జిల్లా. ఆశ్రమ పాఠశాలలో చదివింది, ఖమ్మంలో జీఎన్ఎం చేసింది, కొత్తగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మొదటి యూనిఫాం వేసుకుంది, అన్నీ ఆ జిల్లాలోనే. మా ఆయనది దుమ్ముగూడెం మండలం. ఆయనా కోయే. పెళ్లినాటికి ఇద్దరిదీ ఒకటే రాష్ట్రం, ఒకటే జిల్లా, ఒకటే ఐటీడీఏ, భద్రాచలం.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. అంతకు కొద్ది రోజుల ముందే పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో ఉంచుతూ కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు తూర్పు గోదావరికి వెళ్లాయి, మా వేలేరుపాడు, పక్కనున్న కుక్కునూరు పశ్చిమ గోదావరికి వచ్చాయి. దుమ్ముగూడెం తెలంగాణలోనే ఉండిపోయింది. ఒక రాత్రి డ్యూటీలో ఉండగా అమ్మ ఫోను చేసింది. "మనం ఆంధ్రాలోకి పోయినమంటనే. మరి నువ్వు ఎక్కడున్నట్టు?" అంది. నవ్వాను. మా ఆయనది ఒక రాష్ట్రం, నాది ఒక రాష్ట్రం అని ఆసుపత్రిలో తోటి సిస్టర్లు ఆట పట్టించారు. మేమూ ఆటగానే తీసుకున్నాం. అప్పుడే కూర్చుని ఇంట్లోవాళ్ల కాగితాలన్నీ సరిచేసుకుని ఉంటే బాగుండేది.

రెండోసారి 2018లో సామాన్లు కట్టుకుని, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మారాం. మా ఆయన ఎలక్ట్రీషియను. తాడేపల్లిగూడెంలో కాంట్రాక్టరు దగ్గర నిలకడైన పని దొరికింది. ఆసుపత్రులు ఎక్కువున్నది ఏలూరులో కాబట్టి ఇల్లు అక్కడ తీసుకుందామని, ఆయన రోజూ ప్యాసింజరులో వెళ్లి వచ్చేట్టు అనుకున్నాం. దెందులూరు, భీమడోలు, పూళ్ల దాటుకుంటూ పోయే ఆ రైల్లో ఆయనకు నాకంటే ముందే స్నేహితులు దొరికారు. ఉల్లిపాయల మార్కెట్టు హమాలీలు, గుమస్తాలు. ఇంట్లో ఇప్పటికీ ఉల్లిపాయలు తాడేపల్లిగూడెం నుంచే వస్తాయి.

ఏలూరులో ఇల్లు దొరకడానికి ఇరవై రోజులు పట్టింది. అద్దె దగ్గర పేచీ రాలేదు. అన్నీ మాట్లాడాక చివర్న ఇంటావిడ మెల్లగా, "మీరేమిట్లండీ?" అని అడిగేది. ఆ మాట నాకు మొదట అర్థం కాలేదు. కులం అడుగుతున్నారని మా ఆయనే చెప్పాడు. "కోయలమండీ" అంటే ఒకావిడ, "కోయదొరలా? జాతకం చెబుతారా?" అంది. కించపరచాలని కాదు, నిజంగానే అడిగింది. బస్టాండుల దగ్గర నెమలీకలు పెట్టుకుని మూలికలమ్మేవాళ్లను తప్ప ఆమె కోయవాళ్లను చూసి ఉండదు. "జాతకం రాదండీ, బీపీ చూస్తాను" అన్నాను. ఆ ఇల్లు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చినావిడ ఏమీ అడగలేదు. ఆమె భర్తకు షుగరు, ఇంట్లో నర్సు ఉంటే మంచిదనుకుంది. ఆరేళ్లు ఆయనకు ఇన్సులిన్ నేనే వేశాను.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. నర్సింగు చదివే మన చెల్లెళ్ల కోసం దీన్ని కొంచెం వివరంగా రాస్తాను. నర్సు చదువు దేశమంతా చెల్లుతుంది, నిజమే. కానీ పనిచేసే రాష్ట్రంలోని నర్సింగు కౌన్సిల్ రిజిస్టరులో పేరుండాలి. నాది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నంబరు. విభజన తర్వాత తెలంగాణకు వేరే కౌన్సిల్ వచ్చింది, నేను రెన్యువల్ అక్కడే చేయించుకున్నాను. ఇక్కడికి రావాలంటే అక్కడినుంచి నిరభ్యంతర పత్రం, సర్టిఫికెట్ల పరిశీలన, ఆపైన ఇక్కడ కొత్త రిజిస్ట్రేషన్. ఇప్పుడైతే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దేశవ్యాప్త రిజిస్టరు పెట్టి నర్సుకో నంబరు ఇస్తోంది, వివరాలు దొరకడం కొంత సులువైంది. నేను తిరిగిన రోజుల్లో ప్రతి కాగితానికీ ఒక ప్రయాణం. ఇంటిపేరు ఒక సర్టిఫికెట్‌లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంది. ఆశ్రమ పాఠశాలలో చేర్చుకున్న రోజున మాస్టారు చెవికి వినబడినట్టు రాసుకున్నారు. దాన్ని దిద్దించడానికే రెండు నెలలు. ఇది చదివే టీచర్లకు ఒక్క మనవి. పిల్లను బడిలో చేర్చుకునేటప్పుడు ఇంటిపేరు అక్షరం అక్షరం అడిగి రాయండి. తల్లికి చదువు రాకపోతే తండ్రి కాగితం తెప్పించి రాయండి. ఆ ఒక్క అక్షరం ఇరవై ఏళ్ల తర్వాత రెండు నెలల జీతం మింగుతుంది.

ఆ మధ్యలో ఒక ప్రభుత్వ కొలువుకు దరఖాస్తు పెట్టాను. గుమస్తా నా స్టడీ సర్టిఫికెట్లు తిరగేసి "ఖమ్మం జిల్లా అని ఉందమ్మా, మీరు నాన్‌లోకల్" అన్నాడు. "ఆ మండలం ఇప్పుడు మీ జిల్లాలోనే ఉందండీ" అన్నాను. "మండలం వచ్చింది, సర్టిఫికెట్ రాలేదుగా" అన్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేను, చూసుకునేవి ఆయనకు కాగితాలేగా. కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లం జిల్లా కేంద్రమైన ఏలూరుకు బస్సులో రావాలంటే దారిలో తెలంగాణలోని అశ్వారావుపేట దాటాలి. ఆంధ్రా నుంచి ఆంధ్రాకు తెలంగాణ మీదుగా. ఆ ఏడాది నా సర్టిఫికెట్లదీ అదే దారి.

చివరికి ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చేరాను.

పనిలో మాత్రం నాకు రాష్ట్రం అడ్డు రాలేదు. నరం ఎక్కడైనా నరమే. తేడా వచ్చింది జ్వరాల దగ్గర. మా ఏజెన్సీలో జ్వరమంటే ముందు వేలు గుచ్చి మలేరియా పరీక్ష చేస్తాం, తర్వాతే ఏదైనా. ఇక్కడ ముందు టైఫాయిడ్, డెంగీ అంటారు. వచ్చిన కొత్తలో ప్రతి చలిజ్వరానికీ "మలేరియా చూద్దామా సార్?" అంటుంటే డ్యూటీ డాక్టరు నవ్వేవాడు. ఒకరోజు కొల్లేటి వైపు చేపల చెరువు పనికి వచ్చిన కొండరెడ్డి కుర్రాణ్ని తీసుకొచ్చారు. బుట్టాయగూడెం పైన వాళ్ల ఊరు. మూడు రోజులుగా జ్వరం, మాట తడబడుతోంది. ఊరి పేరు వినగానే ఎవర్నీ అడక్కుండా టెస్టు కిట్టు తెప్పించాను. ఫాల్సిఫారం. ఆ తర్వాత ఆ డాక్టరు కొత్త పేషెంటు వస్తే తనే అడిగేవాడు, "సిస్టర్, ఈయనది ఏ ఊరో కనుక్కోండి."

కొల్లేరు గురించి నేను పుస్తకాల్లో చదివింది వేరు. పెద్ద మంచినీటి సరస్సు, 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, ఆటపాక దగ్గర పెలికాన్లు. అవన్నీ నిజాలే. పిల్లలతో వెళ్లి పెలికాన్లను చూశాం కూడా. కానీ నా దగ్గరికి వచ్చిన కొల్లేరు వేరు. వానాకాలంలో తమ్మిలేరు, బుడమేరు పొంగి నీళ్లు లంక ఊళ్లను చుట్టేస్తే, పురుటి నొప్పుల మనిషిని దోనెలో రోడ్డుదాకా తెచ్చి, అక్కణ్నుంచి ఆటోలో మా మెట్లెక్కించేవారు. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, తడిసిన చీరతో వచ్చే గర్భిణి నాకు కొత్త కాదు. నాకు కొత్తగా కనిపించింది యానాదులు.

చేపల చెరువు గట్టు మీద తాటాకు పాకలో ఆలుమగలు రాత్రింబగళ్లు కాపలా ఉంటారు. చెరువు చేతులు మారితే వీళ్లూ మారతారు. అలా గట్టు మీద నుంచి వచ్చిన ఒక అమ్మాయికి మా దగ్గర కాన్పయింది. ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు. కౌంటరులో కులం గడిలో "ఇతరులు" అని కొట్టేశారు. "మీరేమిట్లు?" అని ఈసారి నేనే అడగాల్సి వచ్చింది. "ఈనాదులమమ్మా" అన్నాడు భర్త, తలొంచుకుని. "అయితే మీరూ మేమూ ఒకటే. మీరూ ఎస్టీనే" అన్నాను. అతను తలెత్తి, "ఎస్టీ అంటే?" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. మాకు ఐటీడీఏ ఉంది, ఆశ్రమ పాఠశాల ఉంది, సంఘాలున్నాయి. కొండల్లో ఉన్నందుకు కనీసం ఒక పేరైనా మిగిలింది. ఈ చదునైన నేలలో, చెరువుగట్టు మీద, అతనికి తనకో హక్కుందన్న మాటే చేరలేదు. కేస్ షీటులో "ఇతరులు" కొట్టేసి "ఎస్టీ, యానాది" అని ఎర్ర ఇంకుతో రాశాను. దానివల్ల అతనికి కులపత్రం రాదు, నాకూ తెలుసు. అయినా రాశాను.

2020లో కోవిడ్ కోసం తాత్కాలికంగా నర్సులను తీసుకుంటే ప్రభుత్వాసుపత్రిలో చేరాను. ఆ డిసెంబరు 5, శనివారం, ఏలూరు వన్‌టౌన్ నుంచి జనం రావడం మొదలైంది. ఉన్నట్టుండి పడిపోవడం, నోట్లో నురగ, నాలుగైదు నిమిషాల ఫిట్స్. తర్వాత లేచి కూర్చుని "నాకేమైంది?" అనడం. పిల్లలు, ముసలివాళ్లు, అప్పుడే కాలేజీకి బయల్దేరిన కుర్రాళ్లు. కోవిడా అంటే కాదు. దోమలా, నీళ్లా, కూరగాయలా అని ఎవరికి తోచింది వారు అన్నారు. కొద్ది రోజుల్లో ఆరు వందలు దాటారు. ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని తర్వాత చెప్పారు. పురుగుమందుల మాటా వచ్చింది. మాకు ఆ రాత్రి తెలిసింది ఒక్కటే, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నాలుక కొరుక్కోకుండా చూడాలి, ఇంజక్షన్ సిద్ధంగా ఉంచాలి, పక్కనున్న తల్లిని ఏడవనివ్వాలి.

రెండో రోజు రాత్రి, మాకు మొదట ఇల్లు ఇవ్వని ఆవిడ కొడుకు వచ్చాడు. ఆమె నన్ను గుర్తుపట్టింది. నేనూ గుర్తుపట్టాను. అబ్బాయి తేరుకున్నాక "బీపీ చూస్తానన్నావు కదమ్మా" అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. కథల్లో అయితే ఆమె మారిపోయిందని రాస్తారు. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు.

కోవిడ్ పోగానే ఆ ఉద్యోగమూ పోయింది. మళ్లీ ప్రైవేటే.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. వేలేరుపాడు, కుక్కునూరు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. అమ్మ, నేను ఒకే జిల్లాలో ఉండిపోయాం, ఆయన పని వేరే జిల్లాకు పోయింది. ఆ సంతోషం మూడు నెలలే. జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. మా ఇల్లు కనిపించకుండా పోయింది. సెలవు పెట్టి వెళ్లాను. శిబిరంలో నాలుగు రోజులు బట్టతో కట్టిన చేతులు, విరేచనాలు, పాముకాట్లు చూశాను. అమ్మ తర్వాత జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయి పునరావాస కాలనీకి చేరింది. సిమెంటు ఇల్లు, కుళాయి, కరెంటు. అడవి మాత్రం లేదు. ఇప్పపువ్వు ఏరడానికి పోయే కాలంలో ఏం చెయ్యాలో తోచక గడపలో కూర్చుంటుంది.

ఆ వరద తర్వాతే ఒక ముసలామెను మా ఆసుపత్రికి తెచ్చారు. కుక్కునూరు వైపు కోయ. తెలుగు సరిగా రాదు. "లోను, లోను" అని ఒకటే ఏడుపు. కొత్తగా వచ్చిన డాక్టరు ఆమె కొడుకును "బ్యాంకు లోనుందా? బెంగ పెట్టుకుందా?" అని అడుగుతున్నాడు. మా వైపు కోయలో ఇంటిని లోను అంటాం. ఆమె ఇల్లు పోయిందని ఏడుస్తోంది. ఇంకాసేపటికి "ఏరు" అంటే ఆయా కిటికీ వైపు చూసింది, ఏ ఏరు కనిపించిందోనని. మంచినీళ్లు అడుగుతోంది. తెలుగులో ఏరంటే పారేది, కోయలో తాగేది. గ్లాసు అందించి కోయలో రెండు మాటలు మాట్లాడేసరికి ఆమె నా చెయ్యి వదల్లేదు. ఆ రోజు ఆమె బీపీ మాత్ర లేకుండానే కొంత దిగింది అంటే డాక్టరు నమ్మలేదు, చార్టు చూపించాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా పాప "లోను అంటే ఇల్లా?" అంది. నా గుండె కలుక్కుమంది. ఊరిది ఊరికి, అద్దింటిది అద్దింటికి అనుకుంటూ నేనే ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడలేదు. పక్కింటివాళ్లు వింటారని గొంతు తగ్గించి అమ్మతో ఫోనులో మాట్లాడేదాన్ని. అప్పట్నుంచి ఆదివారం ఫోను స్పీకరులో పెట్టి అమ్మమ్మతో కోయలోనే మాట్లాడాలని నియమం పెట్టాను. బాబు వారం వారం ఎగ్గొడతాడు. పాప కొంచెం పట్టుకుంది.

ఇక అసలు సంగతి పాపది. 2009లో పుట్టింది. నాలుగో తరగతి నుంచి ఏలూరులో చదివింది. ఇప్పుడు ఇంటర్. నాలాగే నర్సింగు చేస్తానంటుంది, కాకపోతే బీఎస్సీ. కులపత్రం కోసం సచివాలయానికి వెళ్తే "తండ్రి స్వస్థలం?" అని అడిగారు. దుమ్ముగూడెం. "అయితే తెలంగాణలో తెచ్చుకోండి." తెలంగాణలో ఇస్తారు, ఆ పత్రం నిజమే, కాదనను. కానీ వరసగా ఏలూరులోనే చదివింది కాబట్టి అక్కడ నాన్‌లోకల్. ఇక్కడ చదువు ప్రకారం లోకల్, కానీ ఎస్టీ పత్రం వేరే రాష్ట్రానిది. చదువు ఒక ఒడ్డున, కులం ఒక ఒడ్డున.

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి అక్కడ ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగాడు. 1990లో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ ప్రయోజనం రాదని చెప్పింది. ఏ తెగ ఎక్కడ వెనకబడి ఉందో చూసి ఒక్కో రాష్ట్రానికి జాబితా చేశారు కాబట్టి అని కారణం. ఆ కారణం నాకు అర్థమవుతుంది. కానీ మేం వలస వెళ్లకముందే రాష్ట్రం మా మధ్యలోంచి వెళ్లింది కదా? కోయలు రెండు జాబితాల్లోనూ ఉన్నారు. బిహార్, జార్ఖండ్ విడిపోయినప్పుడు ఇలాంటి చిక్కే వచ్చి, పంకజ్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు, రెండింటిలో ఏదో ఒకచోట రిజర్వేషన్ అడగొచ్చు, రెండుచోట్లా ఒకేసారి కాదు అంది. మాకూ అది వర్తిస్తుందా అని అడిగితే ఒక్కో అధికారి ఒక్కో మాట చెబుతున్నారు.

కేంద్ర సంస్థల్లో ఈ బాధ లేదు. తాడేపల్లిగూడెంలో ఉన్న ఎన్ఐటీ అయినా, మంగళగిరి ఎయిమ్స్ అయినా ఎస్టీ పత్రం ఏ రాష్ట్రానిదైనా చెల్లుతుంది. ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం కూడా ఇంటర్ ఎక్కడ పాసయ్యారన్నదాన్ని బట్టే. రెండు రాష్ట్రాల మధ్య ఇరుక్కున్న మన పిల్లలు ముందు ఈ దారి చూసుకోండి. పాపను ఎయిమ్స్ బీఎస్సీ నర్సింగు పరీక్ష రాయమంటున్నాను. రాస్తానంటోంది. "రాకపోతే?" అని తనే అడుగుతుంది.

అందుకని రెండు పనులు చేశాం. మా ఆయన దుమ్ముగూడెం వెళ్లి పాప పేర తెలంగాణ పత్రం తెచ్చారు. నేను వేలేరుపాడు తహసీల్దారు కార్యాలయంలో తల్లి స్వస్థలం ఆధారంగా దరఖాస్తు పెట్టాను. నా పత్రం, మా నాన్న పత్రం, పాప స్టడీ సర్టిఫికెట్లు, పంకజ్ కుమార్ తీర్పు జిరాక్సు కలిపి. రెండు పత్రాలూ ఒకేసారి వాడబోమని తెల్లకాగితం మీద రాసి సంతకం చేశాను. గుమస్తా తీర్పు జిరాక్సు అటూ ఇటూ తిప్పి, "ఇదెవరిచ్చారమ్మా?" అన్నాడు. "మా ఆయన రైలు స్నేహితుడి కొడుకు లాయరండీ" అన్నాను.

పాప ఆ రోజు నాతోనే వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు అశ్వారావుపేటలో బస్సు ఆగితే టీ తాగాం. "అమ్మా, ఇప్పుడు మనం నాన్న రాష్ట్రంలో ఉన్నాం కదా" అంది. అర్ధగంటలో జీలుగుమిల్లి. తర్వాత తాడువాయిలో దిగాం. అమ్మ గడపలోనే ఉంది. మమ్మల్ని చూసి లేవబోతూ "ఏరు" అంది పాపతో. పాప చెంబు అందుకుని లోపలికి వెళ్లింది.

దరఖాస్తు పెట్టి ఇరవై రెండు రోజులైంది. వచ్చే మంగళవారం నాకు నైట్. పగలు వెళ్లి అడిగి రావాలి.